పొయ్యి తలుపుకు అద్దం

ఆ ఆదివారం ఇంట్లో నలుగురు ఉన్నారు. ముందుగదిలో ఇనప పొయ్యికి ఎదురుగా వేసిన మంచం మీద నానమ్మ రాగ్నా. ఊడదీసిన పొయ్యి తలుపును ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్న ఆమె కొడుకు హల్‌వార్. పైకోటు కూడా విప్పకుండా కిటికీ దగ్గర నిలబడిన అతని అక్క ఓసె. తండ్రికి లాంతరు పట్టుకుని, వంగీ వంగకుండా, హల్‌వార్ కూతురు సీగ్రున్. కుక్క కూడా ఉండేదే గాని, పొగ భరించలేక గొర్రెల కొట్టంలో చేరింది.

గురువారం మంచు బరువుకు అడవిలో కరెంటు తీగలు తెగి, ఇంటికి ఆ పొయ్యే దిక్కైంది. ఆ మర్నాడు హల్‌వార్ కాస్త పొడుగైన భూర్జ చెట్టు దుంగను పొయ్యిలోకి తోసి, తలుపును కాలితో నెట్టాడు. దుంగ కొస తగిలి అద్దం పగిలింది. దాని బదులు రేకు బిగిస్తే పొగంతా గదిలోకే వచ్చింది. నానమ్మ ఆ రాత్రి తెల్లవార్లూ దగ్గుతూనే ఉంది.

ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే. లోయ కింద ఉన్న వృద్ధుల ఆసుపత్రికి పోకూడదు. తను పెళ్ళై వచ్చిన గదిలోనే, ఆ మంట చూస్తూనే కన్నుమూయాలి. హల్‌వార్ మాట ఇచ్చాడు. ఓసె ఇవ్వలేదు.

"చీకటి పడేలోగా ఈ గది వెచ్చబడాలి. లేదంటే అమ్మని నా కార్లో తీసుకుపోతా. అక్కడ జనరేటరుంది, నర్సులున్నారు. నీ పంతం కోసం అమ్మని గడ్డకట్టించి చంపుకుంటావా?"

"ముందు ఆ కోటు విప్పక్కా. నిన్ను చూస్తేనే చలేస్తోంది."

"విప్పితే నువ్వు కప్పుతావేంట్రా?"

మంచం మీద నుంచి నానమ్మ నవ్వబోయి దగ్గింది. "చిన్నప్పుడూ ఇంతే. ఒకే దుప్పట్లో పడుకోబెడితే తెల్లారేసరికి దుప్పటి దానిది, చలి వీడిది."

సీగ్రున్ కూడా నవ్వింది, నోరు తెరవకుండా. ఆమె నోట్లో నిన్నటి నుంచి ఒక మాట ఉంది.

నిన్న మంచు మీద జారే తోపుడు స్లెడ్జి మీద ఊళ్ళోకి పోయి అద్దం తెచ్చింది ఆమే. కొట్టు ముసలాయన ఎర్లింగ్ దాన్ని పాత పత్రికల్లో చుట్టి ఇస్తూ, "మీ నాన్నతో చెప్పు పిల్లా. మరలు వేళ్ళతో తిప్పి, ఆగిన చోట ఆపెయ్యమను. పానా ముట్టుకోవద్దను. వేడికి ఇనుము సాగుతుంది, ఈ అద్దం సాగదు. మధ్యలో కాస్త సందు లేకపోతే పగిలిపోతుంది" అన్నాడు. బస్సులో తన స్టాపు వచ్చిందని కూడా గట్టిగా చెప్పలేని పిల్ల అది. దారి పొడుగునా ఆ మాటలు వల్లెవేసుకుంటూ వచ్చింది. ఇంటికొచ్చేసరికి తండ్రీ మేనత్తా అరుచుకుంటున్నారు. అద్దం బల్ల మీద పెట్టి వంటింట్లోకి పోయింది. తండ్రి తుప్పు పట్టిన పాత మరలకు నూనె పోసి రాత్రికి నాననిచ్చాడు. బిగించేది రేపే కదా, రేపు చెబుదాంలే అనుకుంది.

చెప్పడం ఎవరికైనా కష్టమే. ఆ ఇంట్లో హల్‌వార్ దగ్గర మరల ఊసు ఎవరూ ఎత్తరు. అతను దుంగలు నరికే యంత్రాల మెకానిక్కు. ఇలాంటి చలికాలంలోనే ఒకసారి, చలికి మర వదులై యంత్రం చెయ్యి ఊడి, కింద పనిచేస్తున్న అతని తమ్ముడు ఊలావ్ మీద పడి ప్రాణం తీసింది. ఆ పూట యంత్రాన్ని సరిచూసింది హల్‌వారే. అప్పటి నుంచి అతను దేన్ని బిగించినా, బిగిసిన తరువాత ఇంకొక చుట్టు తిప్పుతాడు. తలుపు గొళ్ళేలైనా అంతే, సైకిలు చక్రమైనా అంతే.

ఇప్పుడూ అంతే. పొగ బయటికి రాకుండా గాడిలో కొత్త సీలు తాడు ఒత్తి, దాని మీద అద్దం కూర్చోబెట్టి, పానా అందుకున్నాడు.

"నాన్నా..." అంది సీగ్రున్.

"లాంతరు కిందికి దించు."

దించింది. "కొట్టాయన..."

"ఎంతసేపురా?" అంది ఓసె కిటికీ దగ్గర నుంచి. "సూర్యుడు కొండ వెనక్కి దిగిపోతున్నాడు."

"బిగించనీ అక్కా! వదులుగా బిగిస్తే ఏమవుతుందో నీకు తెలీదా?"

ఓసె మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. గదిలో పానా చప్పుడే మిగిలింది. ఒక్కొక్క మర కిర్రుమని ఆగడం, అతను భుజం దన్నిచ్చి ఇంకొక చుట్టు తిప్పడం.

నానమ్మ సీగ్రున్ వైపే చూస్తోంది. "ఏంటమ్మడూ, ఏదో చెప్పబోయావ్?"

మిగతా ఇద్దరూ తన వైపు తిరిగారు. సీగ్రున్ చెవులు వేడెక్కాయి.

"ఏం లేదు నానమ్మా."

తలుపు తగిలించారు. భూర్జ బెరడు భగ్గున అంటుకుంది. పొగ బుద్ధిగా గొట్టంలోకి పోయింది. కొత్త అద్దం వెనకాల మంట అంత స్పష్టంగా సీగ్రున్ ఎన్నడూ చూడలేదు. నానమ్మ ముఖం ఎర్రబడింది. దుప్పట్లోంచి చేతులు బయటికి తీసి ముందుకు చాపింది. ఓసె కోటు గుండీలు విప్పుకుంది.

"సరేలేరా, గెలిచావ్. కాఫీ పెట్టనా?"

"ఇన్నాళ్ళకి ఒక మంచి మాటన్నావ్."

సీగ్రున్ గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఎర్లింగ్ తాత ఊరికే భయపెట్టాడు అనుకుంది. ముసలివాళ్ళు అలాగే చెబుతారు.

హల్‌వార్ ఇంకో రెండు దుంగలు వేశాడు. పొయ్యి హోరుమంది. కాఫీ మరిగేలోగా గదిలో టప్‌మని ఒక చప్పుడైంది. అద్దం మీద ఒక మూల మర దగ్గర నుంచి ఎదుటి మూల మర దాకా గీత పడింది. అందరూ చూస్తుండగానే కింది ముక్క జారి నేల మీద పడింది, దాని వెనకే నిప్పులు. పొగ గదంతా కమ్మేసింది. నానమ్మకు దగ్గు ఆగలేదు. హల్‌వార్ పారతో నిప్పులు బొక్కెనలోకి ఎత్తి, బయటికి పరుగెత్తి మంచులో కుమ్మరించాడు. ఓసె కిటికీలు బార్లా తెరిచింది. దాచుకున్న వెచ్చదనమంతా క్షణంలో పోయింది.

వాదించే ఓపిక ఎవరికీ లేదు. ఓసె కారు స్టార్టు చేసి వచ్చింది. "పదమ్మా" అంది, మెత్తగానే.

నానమ్మ కొడుకు వైపు చూసింది. అతను తల్లి వైపు చూడలేకపోయాడు.

"ఆ ముసలి దొంగ నాసిరకం అద్దం అంటగట్టాడు. రేపు పొద్దున్నే పోయి వాడి కొట్టు ముందే వాడి పరువు తీస్తా."

"ఆయన తప్పు లేదు నాన్నా."

ఆ గొంతు తనదేనా అని సీగ్రున్‌కే అనుమానం వచ్చింది. "పానా వాడొద్దన్నాడు. వేళ్ళతో తిప్పి ఆపెయ్యమన్నాడు. బిగిస్తే పగుల్తుందన్నాడు."

"ఎప్పుడు?"

"నిన్న."

హల్‌వార్ తన అరచేతుల వైపు చూసుకున్నాడు. తరువాత వంగి, తల్లిని దుప్పట్లతో సహా ఎత్తుకున్నాడు. ఎండుపుల్లలా తేలిగ్గా లేచింది ఆమె. గడప దాటేటప్పుడు కొడుకు భుజం మీదుగా చల్లారిన పొయ్యిని చూసింది.

కారు వెనక సీట్లో తల్లి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సీగ్రున్ తలగడ పట్టుకుని, చెప్పులతోనే మంచులో పరుగెత్తుకుంటూ వచ్చింది.

"నేనూ వస్తా నాన్నా. ముందు సీట్లో కూచుంటా. ఏం మాట్లాడను."

నానమ్మ కళ్ళు మూసుకునే ఉంది. హల్‌వార్ తలగడ అందుకుని తల్లి మెడ కింద సర్దాడు. కూతురి వైపు ఒకసారి చూశాడు. ఆమె మంచులోనే నిలబడి ఉండగా, చెయ్యి చాపి కారు తలుపు వేసేశాడు.