అల్లుడుగారు ఔట్

ఈదటం, సైకిలు తొక్కటం, పరిగెత్తటం. ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి, మధ్యలో కూర్చోకుండా చేసే పందేన్ని ట్రయాథ్లాన్ అంటారని కూతురు అనూహ్య చెప్పినప్పుడు మాణిక్యమ్మ తల దువ్వుకుంటోంది. దువ్వెన ఆపి, "దొంగతనం చేసి పారిపోయేవాడు చేసే పనులే కదే ఇవన్నీ," అంది. "దీనికి తెల్లారుజామునే లేచి నేర్చుకోవటం దేనికి?"

నేర్చుకుంటున్నది ఆమె అల్లుడు అనుదీప్. నూజివీడు నుంచి తిరువూరుకి ఇల్లరికం వచ్చి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో ఆయనగారు మొదలుపెట్టని పని లేదు, చివరికంటా చేసిన పనీ లేదు. నాటుకోళ్ళ ఫారం పెట్టాడు. ఏడాది తిరక్కుండా గూళ్ళు మిగిలాయి, కోళ్ళు మిగల్లేదు. గానుగ నూనె అన్నాడు. ఆ గానుగ ఇప్పుడు వసారాలో తడిబట్టలు ఆరేసుకోవటానికి పనికొస్తోంది. డ్రాగన్ ఫ్రూటు వేస్తానని సిమెంటు స్తంభాలు పాతించాడు. స్తంభాలు మాత్రం భేషుగ్గా నిలబడ్డాయి. బ్యాంకులో ఉద్యోగం చేసే పెళ్ళాం ఉంది కాబట్టి ఇల్లు గడిచిపోతోందని మాణిక్యమ్మ ఊరందరికీ చెప్పేది.

అత్తగారు అల్లుడితో ఎదురుపడి మాట్లాడకూడదన్నది ఆ ఇంటి పాత పద్ధతి. మిగతా పద్ధతులన్నీ మాణిక్యమ్మ ఎప్పుడో గాలికొదిలేసింది గానీ దీన్ని మాత్రం గట్టిగా పట్టుకుంది. ఇందులో ఉన్న సుఖం ఆమెకే తెలుసు. ఎదురుగా కూర్చుని ఇడ్లీ తింటున్న మనిషిని, అసలు ఊళ్ళోనే లేనట్టు, కూతురితో చెప్పి ఎంతైనా తిట్టచ్చు. "ఆయనగారికి ఇంకో రెండు వెయ్యవే. ఇడ్లీలైనా పూర్తి చేస్తారేమో చూద్దాం," అనేది. అనుదీప్ తల వంచుకుని ఆ రెండూ కూడా తినేవాడు.

అలాంటి మనిషి ఈ మధ్య భార్య చేత ఒక మాట అడిగించాడు. వినగడప దగ్గరున్న మామిడితోట ఈ ఏడు తన చేతికిమ్మని. భర్త దశరథరామయ్య పోయిన దగ్గర్నుంచి మాణిక్యమ్మ ఆ తోటని ఏటా పూత మీదే పళ్ళ వ్యాపారి పీర్‌సాహెబ్‌కి గుత్తకిచ్చేస్తోంది. కాపు ఆయనది, బెంగ ఆయనది, ఈమెకి ముట్టాల్సింది ముడుతుంది.

"చెట్లే అవి. ఆయన స్తంభాలు కావు. మధ్యలో వదిలేస్తే చచ్చిపోతాయి," అంది మాణిక్యమ్మ. తర్వాత ఎందుకో కాసేపు ఆలోచించి, నవ్వుకుంది. "సరే. ఆ మూడాటల పందెమేదో ఉందిగా. అదొక్కటి మొదలుపెట్టి చివరిదాకా చేసి చూపించమను. తోట చేతికిస్తాను. మధ్యలో ఆగిపోతే మాత్రం మళ్ళీ నా దగ్గర తోట ఊసెత్తొద్దని చెప్పు."

అనుదీప్ పక్కనే నిలబడి విన్నాడు. పీర్‌సాహెబ్‌కి కూడా కబురు వెళ్ళింది, ఆదివారం చెరువు దగ్గరికి రమ్మని, తోట మాట అక్కడే తేలుస్తానని. ఎలా తేలుతుందో మాణిక్యమ్మకి అనుమానమేం లేదు.

ఆదివారం పొద్దున చెరువుకట్ట మీద తిరనాళ్ళలా ఉంది. విజయవాడ నుంచి, ఖమ్మం నుంచి కార్ల మీద సైకిళ్ళు కట్టుకుని వచ్చారు జనం. సైకిలు మీద మనిషి ఎక్కాలి గానీ కారు మీద సైకిలెక్కటం ఏమిటో మాణిక్యమ్మకి అర్థం కాలేదు. ఒంటికి అతుక్కుపోయిన నల్లబట్టల్లో నలభై దాటిన మగాళ్ళు పొట్ట లోపలికి పీల్చుకుని ఫొటోలు దిగుతున్నారు. ఒకాయన అరటిపండు తింటూ కూడా ఫొటో తీయించుకున్నాడు. ముఖ్య అతిథి ఇంకా రాలేదు కాబట్టి వాళ్ళందర్నీ చలిలో అలాగే నిలబెట్టారు. ఆయన మొహం మాత్రం ఫ్లెక్సీ మీద అందరికంటే ముందే వచ్చి కూర్చుంది.

ఈ పందేనికి రిఫరీ పర్వేజ్. పీర్‌సాహెబ్ చిన్నకొడుకు, ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. చిన్నప్పుడు మాణిక్యమ్మ తోటలోనే కాయలు ఏరుతూ పెరిగాడు. ఇప్పుడు మెళ్ళో విజిలేసుకుని మైకు పట్టుకున్నాడు.

"అందరూ ఒక్కమాట వినండి. పందెం జరుగుతుండగా బయటినుంచి ఎవరూ ఆటగాళ్ళకి ఏమీ అందించకూడదు. నీళ్ళు మేం పెట్టిన బల్లల దగ్గరే తాగాలి. అమ్మయినా, ఆలైనా, ఎవరిచ్చినా సరే, తీసుకున్నవాళ్ళు ఔట్."

మాణిక్యమ్మ విన్నది. విని, అదే మైకులో చెత్త కింద పారేయొద్దని చెప్పటమూ, కాళ్ళ కింద అరటితొక్కలు ఉండటమూ కూడా చూసింది. మైకులో చెప్పేవాటికి మన దగ్గర ఉండే విలువ అంతే.

చివరికి ముఖ్య అతిథి వచ్చి, జెండా ఊపి, టిఫిన్ పెట్టే గుడారం వైపు వెళ్ళాడు. జనమంతా ఒక్కసారి నీళ్ళలో పడ్డారు. కాసేపటికి అందరూ నడిచెరువులో ఉన్న నారింజరంగు గాలిబుడగ చుట్టూ తిరిగి వస్తుంటే, ఒక్క తల మాత్రం ఇంకా అటుపక్కనే కొట్టుకుంటోంది. ఆ తల ఎవరిదో చెప్పక్కర్లేదు. ఉన్నట్టుండి అది కాపలా పడవ అంచు పట్టుకుని ఆగిపోయింది.

"అయిపోయింది," అంది మాణిక్యమ్మ పక్కనున్న పీర్‌సాహెబ్‌తో. "సాయిబుగారూ, పదండి, టిఫిన్ చేద్దాం."

"పడవ పట్టుకోవచ్చమ్మా. ఎక్కకూడదంతే," అంది అనూహ్య నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా.

పడవలో వాళ్ళు చెయ్యందించారు. ఆ తల అడ్డంగా ఊగింది. కొంతసేపు దగ్గి, పడవని వదిలేసి, మళ్ళీ నీళ్ళు కొట్టుకుంటూ బయల్దేరింది. అనుదీప్ ఒడ్డుకి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కాళ్ళు తడబడుతున్నాయి. అల్లుణ్ణి ఆ అవతారంలో చూడటం ఇష్టంలేక మాణిక్యమ్మ చెరువుగట్టు తుమ్మచెట్టు వైపు చూసింది. ఆయన సైకిలెక్కి నెమలి ఊరికి పోయే రోడ్డున పోయాడు.

"నెమలి దాకా వెళ్ళి ఆటోలో వస్తారు చూడు," అంది.

సైకిళ్ళు ఒక్కొక్కటీ తిరిగొచ్చాయి. వచ్చినవాళ్ళు సైకిలు తగిలించేసి బూట్లు మార్చుకుని కట్టమీద పరుగు మొదలుపెట్టారు. ఖమ్మం వాళ్ళయితే పరుగు కూడా పూర్తిచేసి మెడలో పతకాలతో ఉప్మా తింటున్నారు. నెమలి రోడ్డు ఖాళీగా ఉంది. మాణిక్యమ్మ గెలిచింది. గెలిచినట్టే ఉంది గానీ ఎందుకో రోడ్డు వైపు చూడటం మానలేకపోయింది.

అప్పుడు వచ్చాడు. గేదెలు అడ్డొచ్చి పడ్డాడట. మోచెయ్యి దోక్కుపోయి రక్తం మణికట్టు దాకా కారింది. పెదాలు తెల్లగా అట్టకట్టాయి. సైకిలు దిగి, రెండుసార్లు జారిపోతే మూడోసారికి దాన్ని తగిలించాడు. దారిపొడుగునా ఆటోలున్నాయి. ఎక్కలేదు.

మాణిక్యమ్మకి జాలేసింది. జాలేసినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది. ఈ మనిషి ఇక్కడే పడిపోతే ఊరంతా నన్నే అంటుంది అని సర్దిచెప్పుకుంటూ సంచీలోంచి మజ్జిగ సీసా తీసింది. అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ. స్టీలు గ్లాసులో నిండా పోసి, అడ్డంగా కట్టిన తాడు కింద నుంచి దూరి, నేరుగా ఆయన ముందుకి వెళ్ళి నిలబడింది.

"తాగండి," అంది.

ఆరేళ్ళలో ఆమె ఆయనతో అన్న మొదటి మాట అది. అనుదీప్ గ్లాసు వంక చూశాడు. పదడుగుల దూరంలో నిలబడ్డ పర్వేజ్ వంక చూశాడు. పర్వేజ్ వద్దన్నట్టు తల ఊపాడు. అనుదీప్ మళ్ళీ అత్తగారి మొహం చూసి, గ్లాసు అందుకుని, ఆపకుండా అడుగుదాకా తాగి, తిరిగిచ్చాడు.

పర్వేజ్ వచ్చి కింద కూర్చుని, ఆయన చీలమండకి కట్టిన, టైము లెక్కగట్టే పట్టీ విప్పేశాడు. "సారీ సార్. ఔటండి," అన్నాడు నెమ్మదిగా.

"ఏంట్రా ఔటు?" అంది మాణిక్యమ్మ.

"పొద్దున చెప్పాను కదా పెద్దమ్మగారూ. ఎవరూ ఏమీ ఇవ్వకూడదని."

"మజ్జిగిచ్చాను. విషం ఇచ్చానా? నువ్వు మీ అత్తారింటికి వెళ్తే మంచినీళ్ళు ముట్టకుండా వస్తావా?"

"అక్కడ పందెం ఉండదండి."

"కట్టు మళ్ళీ. ఎవరూ చూళ్ళేదులే."

"నేను చూశానండి. చూట్టానికే పెట్టారు నన్ను."

మాణిక్యమ్మకి కోపం నషాళానికంటింది. "నాకు తెలీదనుకున్నావా? ఈయన ఔటైతే తోట మీ నాన్నకి దక్కుద్దని," అంది.

పర్వేజ్ మొహం మాడిపోయింది. వెనకాలే ఉన్న పీర్‌సాహెబ్ వినీ విననట్టు చెరువు వైపు తిరిగాడు. అన్నమాట తప్పని నోరు దాటుతుండగానే మాణిక్యమ్మకి తెలిసింది. కానీ నోరు దాటిన మాటని వెనక్కి పిలిచే అలవాటు ఆమెకి లేదు. పర్వేజ్ ఆ పట్టీ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంతలో చూస్తే అల్లుడు అక్కడ లేడు. బూట్లు మార్చుకుని కట్టమీద పరిగెత్తుతున్నాడు. పరుగని మర్యాదకి అనాలి గానీ, అంతకంటే వేగంగా గేదెలే నడుస్తాయి.

"ఔటన్నాక ఎక్కడికే ఆయన?" అంది.

"పూర్తి చెయ్యటానికి," అంది అనూహ్య. "నువ్వడిగింది అదేగా."

"ఈ ఒక్కరోజుకి పౌరుషం వచ్చిందన్నమాట. కోళ్ళప్పుడు లేదా ఈ పౌరుషం?"

అనూహ్య తల్లి వైపు తిరిగింది. "కోళ్ళు ఎవరు తిన్నారమ్మా? పెద్దత్త గృహప్రవేశానికి నువ్వే పంపించావు. మావయ్య కొడుకు పెళ్ళిచూపులకి నువ్వే పంపించావు. ఇంటికెవరొచ్చినా ఫారానికి కబురే. నూనె కూడా అంతే. వచ్చిన ప్రతివాళ్ళ చేతిలో సీసా పెట్టించావు."

"అడిగితే ఇవ్వనని చెప్పొచ్చుగా. నోరు లేదా?"

"ఎవరితో చెప్తారు? నువ్వు ఆయనతో మాట్లాడవు కదా."

మాణిక్యమ్మ ఖాళీ గ్లాసు సంచీలో పెట్టుకోబోయి, పెట్టుకోకుండా, చేత్తోనే పట్టుకుని కూర్చుంది.

గుడారంలో సన్మానాలు మొదలయ్యాయి. గెలిచిన వాళ్ళకి ముఖ్య అతిథి శాలువాలు కప్పాడు, ఆ తర్వాత గెలిచినవాళ్ళు ముఖ్య అతిథికి శాలువా కప్పారు, ఎందుకో ఎవరికీ తెలియలేదు. ఎండ ముదిరింది. కార్ల మీదికి సైకిళ్ళెక్కాయి. ముగింపు గీత దగ్గర గాలి నింపి నిలబెట్టిన రంగుల తోరణంలో గాలి తీసేస్తే అది ఒకపక్కకి ఒరిగిపోయింది. అనుదీప్ కట్ట దిగి, దాన్ని దాటుకుని గీత అవతలికి వచ్చి, అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చప్పట్లు కొట్టింది అనూహ్య ఒక్కతే. కాసేపటికి ఇంకెవరో కొట్టారు. చూస్తే పర్వేజ్.

మాణిక్యమ్మ దగ్గరికి వెళ్ళింది. "తాగితే ఔటని తెలుసో లేదో అడగవే," అంది కూతురితో.

"తెలుసండి," అన్నాడు అనుదీప్ నేలవైపు చూస్తూనే.

"మరి ఎందుకు తాగారట?"

అనుదీప్ ఊపిరి అందేదాకా ఆగాడు. "మీరు నా ఎదురుగా వచ్చి ఇచ్చారు. వద్దనలేకపోయానండి."

దీనికి ఏడవాలో చెంప పగలగొట్టాలో మాణిక్యమ్మకి తెలియలేదు. తన చేత్తో తనే అతని పందెం ఆపింది. ఆ ఆపిన చేతిని కూడా ఈ మెతక మనిషి కాదనలేదు. రేపు తోటలో దళారులు వచ్చి ఒక్కో కాయా అడిగితే ఒక్కో కాయా ఇచ్చేస్తాడు. చెట్లడిగితే చెట్లిచ్చేస్తాడు. గుండెల్లో ఏదో బరువుగా ఉంది, దానిపేరు సిగ్గని ఒప్పుకోవటానికి ఆమెకి ఇంకాస్త టైము పట్టింది.

పీర్‌సాహెబ్ గొంతు సవరించుకున్నాడు. "నేను బయల్దేరతానమ్మగారూ. తోట సంగతి మీ వీలు చూసుకుని చెప్పండి. మావాడి ఉద్యోగం అలాంటిది, మనసులో పెట్టుకోకండి."

"మీవాడు సరిగ్గానే చేశాడు. నాదే తప్పు," అంది మాణిక్యమ్మ. ఆ మాట బయటికి రావటానికి చాలా కష్టపడింది. "తోట సంగతి నన్నడక్కండి సాయిబుగారూ. ఆయన్నడగండి. ఇప్పుడే, నా ముందే అడగండి."

పీర్‌సాహెబ్ ఆమె మొహం చూశాడు. ఆమె రెప్ప వెయ్యలేదు. ఆయన నాలుగడుగులు వేసి, మోకాళ్ళ మీద ఉన్న అనుదీప్ ముందు గొంతుక్కూర్చున్నాడు. తోటలు బేరమాడి బేరమాడి నున్నబడిన గొంతుతో అడిగాడు.

"బాబుగారూ, ఎన్నో ఏళ్ళ నుంచి నమ్ముకుని ఉన్నాం. పూత కూడా బావుంది. ఈ ఒక్క ఏడుకీ తోట మాకే ఇచ్చేయకూడదా?"

అనుదీప్ పీర్‌సాహెబ్ వంక చూశాడు. భార్య వంక చూశాడు. అత్తగారి వంక చూడబోయి మానుకున్నాడు. ఆ మొహంలో 'సరేనండి' అన్న మాట పైకొస్తుండటం మాణిక్యమ్మకి కనిపిస్తూనే ఉంది. ఆమె చీరచెంగు పిడికిట్లో బిగించి పట్టుకుంది, ఒక్క మాట కూడా సాయం చెయ్యలేదు.

"లేదండి," అన్నాడు అనుదీప్, ఎవరికీ వినపడనంత మెల్లగా. "ఇవ్వనండి."

"కాస్త గట్టిగా చెప్పమనవే," అంది మాణిక్యమ్మ కూతురితో. "సాయిబుగారికి చెవుడు."

పీర్‌సాహెబ్ చెవులు నిక్షేపంలా ఉన్నాయి. అయినా ఆయన అరచెయ్యి చెవికి ఆనించుకుని ముందుకి వంగాడు. అనుదీప్ మళ్ళీ చెప్పాడు.