అనుమతి వచ్చిందన్న మాట

ఫాదర్ కమిలో సముద్రం మధ్యనున్న ఆ చిన్న లంకకు వచ్చి ఏడు నెలలు కాకముందే, చెదలు తిన్న పాత రిజిస్టర్లను కొత్త పుస్తకాల్లోకి ఎక్కించే పని మొదలుపెట్టాడు. కాథలిక్కు గుడి వెనక గదిలో బల్లకు అటు ఆయన, ఇటు ఫాదర్ లేనప్పుడు ప్రార్థనలు నడిపే ఉపదేశి లుటోవికో. ముసలాయన చదువుతుంటే కుర్ర ఫాదర్ రాసుకునేవాడు. మూడోరోజు పొద్దున కలాలా జ్ఞానస్నానం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది.

"పక్కన పెళ్ళి సంగతి రాయలేదేంటి తాతా? ఈమె మన పాటల బృందంలో కలాలాయేనా, ఇసిలేలి భార్య?"

"ఆవిడే ఫాదర్. మా అక్క కూతురు."

"పెళ్ళెక్కడయింది?"

"మెథడిస్టు గుళ్ళో. అప్పట్లో ఇసిలేలి వాళ్ళ బాబాయే అక్కడ పాస్టరు."

"మరి బిషప్ గారి అనుమతి తీసుకున్నారా? అది లేకుండా అక్కడ చేసుకుంటే మన గుడి దాన్ని పెళ్ళి కింద ఒప్పుకోదు. నీకు తెలియందేముంది?"

తెలియకేం. ముప్పై ఒక్క ఏళ్ళుగా తెలుసు. "వచ్చింది ఫాదర్" అన్నాడు లుటోవికో.

"బిషప్ గారి దగ్గరున్న పాత కాగితాలన్నీ తుఫానులో పోయాయి. అడిగినా దొరకదు. అప్పుడూ నువ్వే ఉపదేశివి కదా, వచ్చిందని నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టు. నీ మాట చాలు."

లుటోవికో రాశాడు. సంతకం కూడా పెట్టాడు. ఒక్క అక్షరం కూడా తడబడలేదు. ఇంటికి నడుస్తుంటే అదే తలుచుకుని ఆయనకు భయమేసింది.

ఆ పెళ్ళినాటికి కలాలాకు ఇరవై రెండేళ్ళు. పడవలు కట్టే ఇసిలేలిని తప్ప ఇంకొకర్ని చేసుకోనని కూర్చుంది. ఆమె తల్లి లోసా, లుటోవికోకు అక్క. ఆ దీవుల్లో అక్క మాటకు తమ్ముడు ఎదురు చెప్పడు, ఆమె ఉన్నచోట గొంతు పెంచడు. లోసా ఒక్కటే మాట చెప్పింది. బిషప్ గారు సరేనంటే వస్తాను, లేకపోతే కన్నకూతురి పెళ్ళయినా ఆ గుమ్మం తొక్కను. అన్నంత పనీ చేసే మనిషి.

పెళ్ళికి నెల ముందు కలాలా, ఇసిలేలి ఇద్దరూ సంతకాలు చేసిన అర్జీ లుటోవికో చేతికిచ్చారు. నెయాఫు రేవులో ఉండే పెద్ద ఫాదరుకు అందిస్తే ఆయన దాన్ని రాజధానిలో బిషప్ గారికి పంపాలి. పడవలో సగం దూరం వెళ్ళాక నీళ్ళ మీద పక్షులు గుంపుగా వాలుతూ కనబడ్డాయి. అంటే కింద చేపల మంద ఉన్నట్టే. లుటోవికో ఆశపడి పడవ అటు తిప్పాడు. పదకొండు పెద్ద చేపలు పడ్డాయి. రేవు చేరి చూసుకుంటే అర్జీ పడవ అడుగున ఉప్పునీళ్ళలో, చేపల రక్తంలో నాని ముద్దయిపోయి ఉంది. ఆ ముద్ద పట్టుకుని పెద్ద ఫాదర్ ఎదుట నిలబడడానికి మొహం చెల్లలేదు. దాన్ని సముద్రంలో పారేసి వెనక్కి వచ్చాడు. చేపలు ఊరంతా పంచాడు. ఎంత మంచివాడివయ్యా అన్నారందరూ.

ఇంకో అర్జీ రాయించి వచ్చే వారం వెళదామనుకున్నాడు. వచ్చే వారం గాలివాన. ఆపై వారం మళ్ళీ సంతకాలు అడిగితే ఎందుకని నిలదీస్తారని వెనకాడాడు. అంతలో ఆడవాళ్ళు పెళ్ళి కోసం ఏడాదిగా చెట్టు బెరడు కొట్టి చేసిన నారబట్టలు బయటికి తీశారు, పందుల్ని తెచ్చి కట్టేశారు. లోసా మనిషిని పంపింది: "అనుమతి వచ్చిందో లేదో తమ్ముణ్ణి అడిగి రా."

"వచ్చింది, రమ్మను" అన్నాడు లుటోవికో.

ఉపదేశి చెప్పాడంటే కాగితం చూపించమని ఎవరడుగుతారు? లోసా వచ్చింది. అక్కడి ఆచారం ప్రకారం కూతురి నడుముకు సన్నగా అల్లిన పెళ్ళి చాప తనే చుట్టింది. పెళ్ళి అయ్యాక నిదానంగా చెప్పి సరిచేద్దామనుకున్నాడు లుటోవికో. పెద్ద ఫాదర్ జబ్బుపడి రాజధానికి వెళ్ళిపోయాడు. కొత్తాయనకు సంగతి తెలియదు. పిల్లలు పుట్టారు. లోసా పోయింది. చెప్పాల్సిన మాట గొంతులోనే ముదిరిపోయింది.

ఆ ఆదివారం ఫాదర్ పక్క లంకకు వెళ్ళాడు. అలాంటి ఆదివారాల్లో సత్ప్రసాదం పంచేది లుటోవికోయే. వరసలో కలాలా వచ్చి రెండు చేతులూ చాచింది. పెళ్ళి చెల్లనివాళ్ళకు అది ఇవ్వకూడదు. ఆయన చేయి కదల్లేదు.

"ఏమైంది మామయ్యా? కళ్ళు తిరుగుతున్నాయా?" అని గుసగుసగా అడిగింది కలాలా.

ఇచ్చాడు. ఆమె ఆమేన్ అంది. ప్రార్థన అయ్యాక కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు పొట్లం వేడివేడిగా పట్టుకుని ఇంటికి వచ్చింది. "ఈ వయసులో నీకు ఉపవాసాలేంటి? తిను ముందు. తినేదాకా నేను కదలను" అని ఎదురుగా కూర్చుంది. ఆయన తిన్నాడు. ఒక్కో ముద్దా ఎక్కడ దిగుతోందో తెలిసింది.

ఫాదర్ తిరిగొచ్చిన రోజే లుటోవికో తన పాపం ఒప్పుకోవడానికి పాపసంకీర్తనానికి వెళ్ళి మోకరించాడు. ఫాదర్ అంతా విన్నాడు.

"ఇక్కడ చెప్పింది నేను బయట వాడుకోకూడదు తాతా. అదే మాట గదిలోకి వచ్చి నాతో మామూలుగా చెప్పు. అప్పుడే నేనేమన్నా చేయగలను."

గదిలోకి వెళ్ళి మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. రెండోసారి ఇంకా కష్టమైంది. ఫాదర్ ఆ సంతకం కాగితం తీసి చింపేశాడు.

"దీనికి దారి ఉంది. ఆ రోజు వాళ్ళిచ్చుకున్న మాట ఇంకా నిలిచే ఉంది కదా. బిషప్ గారు ఆ పెళ్ళిని మూలం నుంచి సరిచేయొచ్చు. వాళ్ళు మళ్ళీ ప్రమాణం చేయక్కర్లేదు. అవసరమైతే వాళ్ళకు తెలియకుండా కూడా జరుగుతుంది."

"తెలియకుండానా?" లుటోవికోకు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే ఆ లేచొచ్చినందుకు సిగ్గేసింది. "వద్దు ఫాదర్. నేనే చెబుతాను."

ఆ మధ్యాహ్నం ఇసిలేలి ఇంటి ముందు పడవకు చిత్రిక పడుతున్నాడు. కలాలా నీడలో కూర్చుని చాప అల్లుతోంది. లుటోవికో కూర్చోకుండా, నిలబడే చెప్పాడు. చేపల సంగతి కూడా దాచలేదు.

ఇసిలేలి ముందు నవ్వాడు. "అంటే ఇన్నేళ్ళూ మీ గుడి దృష్టిలో నేను ఈవిణ్ణి లేపుకొచ్చినట్టేనా మామా?" ఆ నవ్వు కాసేపటికే పోయింది. "మా బాబాయి దేవుడి పేరు మీద చేశాడు. ఊరంతా ఆమేన్ అంది. మరి దేవుడు ఆ రోజు మా గుళ్ళో లేడా? నీ పడవ కోసం నెయాఫు రేవులో కూర్చున్నాడా?"

"దేవుడు లేడని నేననను అల్లుడూ. మా గుడి ఒక పని చెయ్యమంది. నేను చెయ్యలేదు. చేశానని చెప్పాను."

కలాలా చేతిలో అల్లిక ఆగిపోయింది. "అమ్మ నీ మాట మీదే వచ్చింది."

"అవును."

"నిజం చెప్పుంటే?"

"వచ్చేది కాదమ్మా."

"పోయేటప్పుడు నా చేయి పట్టుకుని, నీ పెళ్ళి మన గుడి ఒప్పుకోలుతోనే జరిపించాను, నాకు బెంగలేదు అంది. నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"ఎప్పుడన్నా చెబుదామనుకున్నావా మామయ్యా?"

"ప్రతి ఏడూ తపస్సు కాలంలో అనుకున్నాను."

"అయితే ముప్పై ఒక్కసార్లు మానుకున్నావన్నమాట" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం కలాలా సత్ప్రసాదానికి లేవలేదు. బిషప్ గారి ఉత్తరం వచ్చేదాకా తీసుకోనంది. పాటల బృందం వదిలి వెనక బల్ల మీద కూర్చుంది. రెండు వారాలు తిరక్కుండానే ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. ఈ వయసులో కలాలా ఏం తప్పు చేసిందో పాపం, అని. అది లుటోవికో చెవినా పడింది. తప్పు తనది, వెనక బల్ల ఆమెకా?

ఆదివారం ప్రకటనలు చదవాల్సిన సమయంలో కాగితం మడిచి పక్కన పెట్టి, ఉన్నదంతా జనం ముందు చెప్పేశాడు. "మా పెళ్ళప్పుడు కూడా చేపలకి వెళ్ళావేంటి తాతా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ ఫక్కున నవ్వారు. వెంటనే నలుగురైదుగురు మగవాళ్ళు నిజంగానే భార్యల మొహాలు చూసుకున్నారు. నవ్వు ఆగిపోయింది. ఉపదేశి మాట ఒక్కటి విరిగితే ఎన్ని ఇళ్ళు కదులుతాయో లుటోవికోకు అప్పుడు అర్థమైంది. ఆ వారమంతా ఫాదర్ రిజిస్టర్లు ముందేసుకుని, ఒక్కొక్క జంటనూ పిలిచి చూపించాల్సి వచ్చింది. మిగతావన్నీ సరిగానే ఉన్నాయి. ఉపదేశి పని మానేస్తానంటే ఫాదర్ ఒప్పుకోలేదు. "పారిపోవడం కూడా తేలికే తాతా" అన్నాడు.

ఇసిలేలి మాత్రం ఫాదరుకు ముందే చెప్పాడు: "మళ్ళీ నిలబడి ప్రమాణం చెయ్యమంటే నా వల్ల కాదు. మొదటిది ఇంకా అయిపోలేదు."

ఆరు వారాలకు ఉత్తరం వచ్చింది. ఫాదర్ వాళ్ళింటికే వెళ్ళి చదివాడు. వాకిట్లో నిలబడి లుటోవికో విన్నాడు. ఆ వివాహం మొదటి రోజు నుంచీ చెల్లినట్టే ఎంచుతామని ఉంది అందులో.

"బిషప్ గారికి నా నమస్కారాలు చెప్పండి ఫాదర్" అన్నాడు ఇసిలేలి. "మొదటి రోజు నుంచీ మాకూ తెలుసని కూడా చెప్పండి."

కలాలా కళ్ళు తుడుచుకుంది. వాకిలి వైపు చూడలేదు.

ఆమె మళ్ళీ పాటల బృందంలోకి వచ్చింది. సత్ప్రసాదం ఫాదర్ చేతి నుంచే తీసుకునేది. ఫాదర్ లేని ఆదివారాల్లో లుటోవికో గిన్నె పట్టుకుని నిలబడితే, కూర్చున్న చోటు నుంచి కదిలేది కాదు. దారిలో ఎదురైతే "బాగున్నావా" అనేది. మామయ్యా అనేది కాదు.

కొత్త సంవత్సరం దాటాక ఆమె మనవరాలి మొదటి పుట్టినరోజు వచ్చింది. రెండు గుళ్ళ జనమూ వచ్చారు. చాపల మీద కాల్చిన పందులు, కంద దుంపలు, చేమాకు పొట్లాలు బారులు తీర్చారు. లుటోవికో చివర్లో, తడికల పక్కన కూర్చున్నాడు. భోజనం ముందు ప్రార్థన ఎవరు చేస్తారని అడిగారు.

"మామయ్యా, నువ్వు చెప్పు" అంది కలాలా, అందరికీ వినబడేలా.

ఆయన లేచాడు. నలభై ఏళ్ళుగా చెబుతున్న ప్రార్థనలో మొదటి మాట గుర్తుకు రాలేదు. జనం తలలు వంచుకుని ఎదురుచూస్తున్నారు. ఇసిలేలి లేచి ఆయన పక్కకు వచ్చి నిలబడి, "ప్రభువా!" అని గట్టిగా అందుకున్నాడు. ఇక మెథడిస్టుల పద్ధతిలో పందుల దగ్గర్నుంచి పడవల దాకా అన్నిటినీ, అందరినీ పేరుపేరునా దీవించుకుంటూ పోయాడు. ఆకలితో ఉన్న పిల్లలు మూలిగారు. లుటోవికో అతని పక్కనే తల వంచుకుని చివరిదాకా నిలబడ్డాడు. కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి జారుతుంటే తుడుచుకోలేదు.