ఉపదేశి కుర్చీ

తోలానీ తెచ్చిన రికార్డు అట్ట నమూనా మీద లాడిపో పేరు నా బొటనవేలంత అక్షరాలతో ఉంది. దాని కింద "అతని బృందం" అని ఉంది. బొమ్మలో మాత్రం నడుమ నిలబడి నోరు విప్పి పాడుతున్నది మోరెనికే. లాడిపో ఆమెకు ఎడమవైపు, ఒక అరడుగు వెనక, చంకలో డోలు ఇరికించుకుని ఉన్నాడు. నేను కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాను. ఆమె పేరు ఎక్కడా లేదు.

"నలభై రెండేళ్ళు ఈ పాటలు పాడిన గొంతు ఎవరిదమ్మా?" అని అడిగాను.

తోలానీ లాగోస్‌లోని రికార్డుల సంస్థ నుండి వచ్చిన పిల్ల. పాత పాటలన్నీ మళ్ళీ అచ్చువేయడం ఆమె పని. వచ్చీ రాగానే పెద్దలకు మోకరిల్లి దండం పెట్టింది. లెమ్మని చెప్పడం మేము ముగ్గురమూ మరిచిపోయాము. కనుక ఆమె ఇంకా మోకాళ్ళ మీదే ఉండి జవాబు చెప్పింది. పెద్దవాళ్ళెవరినైనా మమ్మీ, డాడీ అనడం ఇక్కడి పిల్లల అలవాటు.

"పాత అట్ట మీద ఎట్లా ఉంటే అట్లాగే వేశామమ్మా. మమ్మీ ఈ కాగితం మీద సంతకం పెడితే పేరు చేరుస్తాం. రేపు పొద్దున అచ్చుకెళ్ళిపోతుంది. ఆ తర్వాత మా చేతుల్లో ఏమీ ఉండదు."

"ఆమె పేరు నా పేరుకంటే పెద్దగా వెయ్యమ్మా," అన్నాడు లాడిపో అరుగు మీది నుండి. "నా పేరు లేకపోయినా జనం గుర్తుపడతారు. ఈ బట్టతల అబెవోకుటా ఊరిలో ఇంకెవరికుంది?"

"రోంకే నాన్నా, మీరు కాసేపు ఊరుకోండి," అన్నది మోరెనికే. భర్తను ఆమె కూతురి పేరుతోనే పిలుస్తుంది. ఆమె తన తండ్రి వాలుకుర్చీలో కూర్చుని, ఒడిలో బేసిను పెట్టుకుని, నానిన బొబ్బర్లకు పొట్టు తీస్తున్నది. మధ్యాహ్నానికి ఆకుల్లో ఆవిరి కుడుములు వండాలి. "నా చేతులు తడిగా ఉన్నాయి. సంతకం పెట్టలేను."

"తుడుచుకో," అన్నాను.

"తుడుచుకున్నా పెట్టను, అక్కా."

ఎడారి గాలి మోసుకొచ్చిన దుమ్ముకు ఎదుటి బండలు కూడా కనపడడం లేదు. ఆమె తల ఎత్తకుండా ఒక్కొక్క గింజే నలుపుతున్నది. సిస్టర్ల బడిలో నాకంటే రెండు తరగతులు చిన్నది మోరెనికే. గుడి గాయక బృందంలో ఆమె నోరు విప్పితే మిగతా నలభైమందిమి పెదవులు మాత్రమే ఆడించేవాళ్ళము. అటువంటి గొంతు గల మనిషికి కాగితం మీద చోటు లేకపోవడం నేను ఇన్నేళ్ళుగా సహించలేకపోతున్న విషయం. సంస్థకు ఉత్తరం రాసింది నేనే. తోలానీని ఇంటిదాకా రప్పించిందీ నేనే.

"పెళ్ళికి ముందురోజు నాన్న నన్ను పిలిచి ఒక్కటే అడిగాడు," అన్నది మోరెనికే. "'సారా దుకాణాల్లో దొర్లే అట్టల మీద నా ఇంటి బిడ్డ పేరు ఉండకూడదు' అన్నాడు. సరేనన్నాను. ఈయన చేత కూడా మాట తీసుకున్నాడు."

"తీసుకున్నాడు," అన్నాడు లాడిపో.

"ఆయన పోయి ముప్పై ఏళ్ళయింది కదా!" అన్నాను.

"మాట పోలేదుగా. అయినా అక్కా, నా పాట రేడియోలో వస్తే ఆయన చేతులు వణికేవని నాకు చెప్పిందెవరు? నువ్వే కదా! బతికుండగా అంత కష్టపెట్టాను. పోయాక కూడానా?"

ఆ మాట చెప్పింది నిజంగా నేనే. ఆమె తండ్రి అగస్టీను మా చర్చికి ఉపదేశి. ఊరిలో సగంమందికి జపాలు నేర్పినవాడు. చివరి ఏడాది ఆయనకు చూపు మందగిస్తే, అప్పటికి హెడ్‌మిస్ట్రెస్‌నైన నేను సాయంత్రం బడి వదిలాక వెళ్ళి పత్రిక చదివి వినిపించేదాన్ని. నేను చదువుతుండగా రేడియోలో ఈ దంపతుల పాట వచ్చేది. ముసలాయన తల వంచుకుని, కుర్చీ చేతి మీద వేళ్ళు వణికించేవాడు. నేను చూసింది చూసినట్టు మోరెనికేకు చెప్పాను. ఆనాటి నుండి ఆమె తన రికార్డు ఒక్కటి కూడా పుట్టింటికి పంపలేదు. ఆ ఏటి క్రిస్మసుకు వెళ్ళినప్పుడు కూడా గుడి పాటలు తప్ప మరొకటి పాడలేదు.

ఆ సంగతి అంతటితో తేలిపోయిందనుకున్నది తోలానీ. సంచిలోంచి రెండో కాగితం తీసి, "ఇంకొక చిన్న విషయం డాడీ," అన్నది. "ప్రతి పాట మొదట్లోనూ డోలు ఒక్కటే కాసేపు మోగుతుంది. పాత రికార్డుల్లో అక్కడ గీతలు పడ్డాయి, చప్పుడు వస్తోంది. ఆ ముక్క కోసేసి, నేరుగా మమ్మీ గొంతుతో మొదలుపెడదామని మావాళ్ళు అంటున్నారు."

లాడిపో లేచి నిలబడ్డాడు. మోకాళ్ళ నొప్పులవల్ల అతడు అంత వేగంగా లేవడం నేను చాలాకాలంగా చూడలేదు.

"ప్రతి పాటకూనా?"

"అన్నిటికీ ఒకే ముక్క ఉంది కదా డాడీ."

"ఒకే ముక్కట! అది ఏం చెబుతోందో తెలుసా నీకు?"

"నేను లాగోస్‌లో పుట్టాను డాడీ," అన్నది ఆ పిల్ల, నేరం ఒప్పుకుంటున్నట్టు.

అతడు లోపలికి వెళ్ళి డోలు తెచ్చాడు. ఆ ఇంట్లో డోలు మాట్లాడడం వింత కాదు. దంపతులిద్దరికీ మాటా మాటా పెరిగిన రోజుల్లో అతడు పెరట్లో కూర్చుని డోలుతోనే పులుసు అడిగేవాడట. ఆమె గిన్నె తెచ్చి అతని ముందు ఠంగుమని పెట్టేదట. మా భాషలో ప్రతి మాటకూ ఒక ఎత్తూ ఒక పల్లమూ ఉంటాయి. చంకలో తాళ్ళు నొక్కి వదులుతూ కొడితే డోలు ఆ ఎత్తుపల్లాలనే పలుకుతుంది. పిలిచిన పేరు తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. నాకు తెలియదు. మా బడిలో బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తే సిస్టరుగారి స్కేలు కణుపుల మీద పడేది. అవి అన్యదేవతల చప్పుళ్ళని చెప్పారు. నేను లాటిను ఎంత శ్రద్ధగా నేర్చుకున్నానో, డోలు వినకపోవడం కూడా అంతే శ్రద్ధగా నేర్చుకున్నాను.

లాడిపో కొట్టాడు. తరువాత అదే మాటను నోటితో చెప్పాడు.

"మోరెనికే, అగస్టీను ఉపదేశి బిడ్డా, నోరు విప్పు, తెల్లవారనీ."

తోలానీ చేతిలో కాగితం దించుకున్నది.

"కాగితం మీద వద్దన్నాడు మామగారు. వెయ్యలేదు," అన్నాడు లాడిపో. "డోలు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మూడువందల పాటలు. ఒక్కదానికి కూడా ఈమె పేరు పిలవకుండా చెయ్యెత్తలేదు. ఇప్పుడు అది కోస్తారట!"

"అది వినపడకపోతే నాకు గొంతే లేవదు," అన్నది మోరెనికే, బొబ్బర్లలోకి చూస్తూ. డెబ్భై నాలుగేళ్ళ ఆ ముఖం మీద సిగ్గు కనపడింది. "ఒకసారి ఇబాదాన్‌లో ఈయన జ్వరంతో పడిపోయాడు. ఇంకొకడు కొట్టాడు. నేను అట్లాగే నిలబడిపోయాను. జనం నాకు మూగ పట్టిందనుకున్నారు."

వారిద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"లాడిపో, మళ్ళీ ఒకసారి కొట్టు," అన్నాను.

అతడు కొట్టాడు. నేను వినలేదు, చూశాను. కర్ర ఎక్కడ ఆగుతున్నదో, ఎక్కడ త్వరపడుతున్నదో చూశాను. మూడు దెబ్బలు, ఒక ఆగుడు, తరువాత గబగబా కొన్ని, చివర దూరం దూరంగా రెండు. దీన్ని నేను ఒక ఏడాది పొడుగునా చూశాను. డోలు మీద కాదు.

నేను లేచి నిలబడ్డాను. తప్పు ఒప్పుకోవలసినప్పుడు కూర్చుని ఒప్పుకోకూడదని నాకు నేర్పారు.

"మోరెనికే, ఆ కుర్చీ మీద నుండి కుడి మోచేయి తియ్యి."

"ఏమైందక్కా?"

"తియ్యవే."

ఆమె చేయి తీసింది. తేకు చెక్క మీద వార్నిషు రెండు చోట్ల అరిగిపోయి ఉంది. ఒకటి చివరన, ఒకటి నడుమ. వేలికొనంత మరకలు. నేను వంగి, చూపుడువేలితో కొట్టాను. చెక్క చివరన రెండు, నడుమ ఒకటి. ఆగాను. తరువాత గబగబా కొన్ని, ఆఖరున దూరం దూరంగా రెండు. జీవితంలో నేను ఒక చెక్క మీద తాళం వేయడం అదే మొదటిసారి. నడుమ కొడితే బొంగురుగానూ, చివరన కొడితే సన్నగానూ పలికింది.

లాడిపో చేతిలో కర్ర గాలిలోనే నిలిచిపోయింది.

"ఇంకోసారి కొట్టండి, హెడ్‌మిస్ట్రెస్ గారూ." ఆ పిలుపులో అతని మామూలు వెటకారం లేదు.

మళ్ళీ కొట్టాను. "మీ నాన్న వేళ్ళు చేసింది ఇదే," అన్నాను. "అది వణుకు కాదు మోరెనికే. డోలుతో పాటు నిన్ను పిలిచాడు. నాకు తెలియక వణుకన్నాను. పాట అయిపోయాక ఇంకొకటి కూడా ఉండేది, పొట్టిది." అదీ కొట్టి చూపించాను.

లాడిపో నా వేలి వంక చూస్తూ, "ఇది మీకెవరు నేర్పారు?" అన్నాడు.

"ఎవరూ నేర్పలేదు. ఏడాది పాటు చూశాను, అంతే."

"డోలు కొట్టే వంశాల ఇళ్ళలో పిలుపుకు ఇచ్చే జవాబిది. మా తాత ఇట్లాగే కొట్టేవాడు. 'విన్నాను, నా బిడ్డే, కానివ్వు' అని." అతడు మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు. "మామగారి తాత రాజుగారి ముందు డోలు కొట్టినవాడు. ఇంటిల్లిపాదీ జ్ఞానస్నానం తీసుకున్నాక డోళ్ళు అటకెక్కించారు. మామగారు ఆ భాష మరిచిపోయి ఉంటాడనుకున్నాను."

మోరెనికే అరిగిన చోట వేలు పెట్టి చూసింది. ముప్పై ఏళ్ళుగా ఆ కుర్చీని తుడుస్తున్న మనిషి ఆమె.

"రోజూనా?" అన్నది.

"నీ పాట వచ్చిన ప్రతిరోజూ. ఆయనకు బాధేమోనని నేను రేడియో ఆపబోయేదాన్ని. చేయి అడ్డం పెట్టేవాడు."

"అది నాకు చెప్పలేదే!"

"చెప్పలేదు. దాన్ని కూడా వణుకులోనే కలిపేశాను. నీకు అన్యాయం చేసింది ఎవరో అని ఇందాక ఈ పిల్లను నిలదీశాను. ముందు నన్ను నిలదియ్యి."

గాలికి దుమ్ము వచ్చి బేసినులో నీళ్ళ మీద పడుతున్నది. లాడిపో తన భుజం మీది గుడ్డ తీసి మోరెనికేకు అందించాడు. కళ్ళు తుడుచుకోవడానికి ఇచ్చాడు. ఆమె దానితో చేతులు తుడుచుకున్నది.

"నిలదీస్తానక్కా, నిన్ను వదలను," అన్నది, నన్ను కూర్చోబెట్టి, బేసిను ఎత్తి నా ఒడిలో పెడుతూ. "ముందు ఈ బొబ్బర్లన్నీ పొట్టు తియ్యి. ఒక్క గింజకు పొట్టు ఉన్నా మళ్ళీ మొదటినుంచి చేయిస్తాను." తరువాత తోలానీని చూసింది. "అయ్యో, లేమ్మా! ఇంకా మోకాళ్ళ మీదేనా? కలం ఇటివ్వు."

తోలానీ కాళ్ళు తిమ్మిరెక్కి, స్తంభం పట్టుకుని లేచింది. "పేరు ఎట్లా వెయ్యమంటారు మమ్మీ?"

"డోలు ఎట్లా పిలిచిందో అట్లా. నాన్న పేరుతో సహా."

"నోరు విప్పమన్నది కూడానా?" అన్నాడు లాడిపో.

"అది నాకు చెప్పింది. వాళ్ళకు కాదు."

"మరి నా పేరు?"

"ఉంటుందిలెండి, కింద. అరడుగు వెనక."

ఆమె సంతకం పెట్టింది. సిస్టర్లు నేర్పిన వంపులతో, ఒక్క అక్షరం కూడా గీత దాటకుండా రాసింది. తోలానీ రెండో కాగితాన్ని తనంతట తానే మడిచి సంచిలో పెట్టుకున్నది. అప్పుడు లాడిపో తాళ్ళు బిగించి మళ్ళీ ఆమెను పిలిచాడు. మోరెనికే ఈసారి నోరు విప్పలేదు. కుడిచేయి కుర్చీ మీద పెట్టి, తండ్రి వేలు అరగదీసిన చోట్లలో, నేను చూపించిన ఆ పొట్టి జవాబు కొట్టింది. చివరి దెబ్బ తప్పింది.

"నడుమ కొట్టాలి, చివరన కాదు," అన్నాను, బొబ్బర్ల నుండి తల ఎత్తకుండా.

ఆమె సరిదిద్దుకుని మళ్ళీ కొట్టింది.