"వద్దన్నారు" అని రాయమన్న కాగితం

ఇంగ్లండులో మా లాంకషైర్ వైపు పెద్దవాళ్ళను టీ తాగుతారా అని అడిగితే మొదటిసారి వద్దంటారు. రెండోసారీ వద్దంటారు. మూడోసారి, "సరేలే, నువ్వెలాగూ పెట్టుకుంటున్నావుగా" అంటారు. మొదటి పిలుపుకే చెయ్యి చాపితే మొహమాటం లేని మనిషని పేరు. ఇది బడిలో నేర్పేది కాదు. బడికి నేను వెళ్ళిందే తక్కువ.

మా మనవరాలు టిల్లీ డాక్టరు చదువుకు ముందు ఏడాది ఆగి, ఆసుపత్రిలో ముసలివాళ్ళ వార్డులో సహాయకురాలిగా చేరింది. ఒళ్ళు తుడవడం, పక్కలు మార్చడం, తిండి తినిపించడం దాని పని. కాలేజీకి పంపడానికి వార్డు సిస్టర్, అంటే అక్కడి పెద్ద నర్సు, మంచి ఉత్తరం రాసివ్వాలి. అది లేకపోతే ఇంటర్వ్యూకే పిలవరు.

ఆ వార్డులో ఎంట్‌విసిల్ అనే ముసలాయన ఉన్నాడు. మా వీధి బస్సు నడిపినవాడు. ముసలమ్మలు సీట్లో సర్దుకునేదాకా బండి కదిలించని మనిషి. తుంటి విరిగి పడుకున్నాడు. నీళ్ళ జగ్గు చెయ్యి అందని చోట పెట్టారు. వచ్చినవాళ్ళు "నీళ్ళు తాగుతారా" అని ఒక్కసారి అడగడం, ఆయన "ఫర్వాలేదమ్మా, నీకెందుకు శ్రమ" అనడం, వాళ్ళు మంచం దగ్గర తాగిన నీళ్ళ లెక్క రాసే కాగితం మీద "వద్దన్నారు" అని రాసి పోవడం. టిల్లీ సెలవులో ఉన్న నాలుగు రోజులూ ఇదే తంతు. అది తిరిగి వెళ్ళేసరికి ఆయన దాని చెయ్యి పట్టుకుని టికెట్టు తీసుకోమన్నాడట. ఒంట్లో నీళ్ళు లేక మతి తప్పింది. సెలైన్ ఎక్కించారు.

టిల్లీ ఆ కాగితం మీద ఉన్నదున్నట్టు రాసింది: "జగ్గు అందదు. ఒక్కసారే అడిగారు. ఎవరూ తాగించలేదు."

సిస్టర్ ఆష్‌వర్త్ పిలిపించింది. "ఇది చింపేసి కొత్తది రాయి పిల్లా. వద్దన్నారు అని రాస్తే చాలు."

"మర్యాదకి అన్నాడు సిస్టర్. వద్దని కాదు."

"కాగితంలో మర్యాదకి గడి లేదు. నీ ఉత్తరం శుక్రవారానికేగా కావాలి?"

ఆ సాయంత్రం నా వంటింట్లో కూర్చుని ఇదంతా చెప్పింది. నేనేమన్నానో రాయడానికి సిగ్గుగానే ఉంది. "రాసిచ్చెయ్యవే తల్లీ, ఒక్క మాటేగా. డాక్టరయ్యాక వందమందికి తాగిద్దువుగాని" అన్నాను.

అది ఫోర్కు కింద పెట్టింది. "ఆ మంచంలో నువ్వుంటే, నానమ్మా?"

"నేనైతే నోరు తెరిచి అడుగుతాను."

"అబద్ధాలాడకు. బతిమాలించుకోందే నువ్వు బిస్కెట్టు కూడా ముట్టవు."



టిల్లీ చింపలేదు. శుక్రవారం ఉత్తరం వచ్చింది. ఫలానా తేదీ నుంచి పనిచేస్తున్నది, అని ఒకే వాక్యం. ఎత్తిపోసిన బెడ్‌పాన్‌ల సంగతి లేదు, చచ్చిపోతున్నవాళ్ళ చెయ్యి పట్టుకు కూర్చున్న సంగతి లేదు.

నేను కోటు తగిలించుకుని వార్డుకు వెళ్ళాను.

"మీ మనవరాలికి ఇంకా లోకం తెలియదండీ" అంది సిస్టర్, తల కూడా ఎత్తకుండా.

"తెలిసినవాళ్ళ మధ్యేగా ఆయన నాలుగు రోజులు ఎండిపోయింది" అన్నాను.

నన్ను బయటికి పంపించారు.

ఆ ఒక్క వాక్యాన్నే టిల్లీ కాలేజీకి పంపింది. పిలుపు రాలేదు. "వచ్చే ఏడు మళ్ళీ రాస్తాలే" అంటుంది, పొద్దున్నే ఆ వార్డుకే పోతుంది. దాని కోపం చల్లారిందేమో. నాది చల్లారలేదు, చల్లార్చుకోను కూడా.