వంతు కర్ర

ఆ సాయంత్రం జోజమ్మ గుమ్మం ముందు వంతు కర్ర ఉంది. నేను చూశాను. చూసి, తల దించుకుని వెళ్ళిపోయాను. బళ్ళో పిల్లలకి స్వాతంత్ర్యం గురించి పాఠం చెప్పే పంతుల్ని మరి!

అది మూరెడు చింతకర్ర. తిరువూరు దగ్గర మా పల్లెలో అది ఎవరి గుమ్మంలో ఉంటే, ఆ ఇల్లు మొదలు వరసగా పది ఇళ్ళవాళ్ళు మర్నాడు వెట్టికి పోవాలి. తెల్లదొరల నాటి కర్ర. వానల్లేని ఏడు కూడా శిస్తు పిండటానికి దొర వచ్చేవాడు. అడవిలో మేపినందుకు పుల్లరి కట్టలేదని మేకల్ని తోలుకుపోయేవాడు. ఆ దొర మంచం, పెట్టెలు గంపలగూడెం దాకా మోసేది మావాళ్ళే.

జోజమ్మ మొగుడు లాజరు ఒక్కడే ఎదురుతిరిగాడు. "మన మేకల్ని తోలుకుపోయేవాడి మంచం మనం మొయ్యడమేంట్రా?" అని ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. పోలీసులు వచ్చిన రోజు పల్లెలో ప్రతి తలుపూ మూసుకుంది. మా నాన్న గడియ కూడా పెట్టాడు. లాజరు జైల్లోనే పోయాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు జోజమ్మతో ఎవరూ మనసు విప్పి మాట్లాడలేదు. ఆమె మీద కోపం కాదు, మా సిగ్గు. చర్చిలో కూడా ఆమె చాప మీద ఆమె ఒక్కతే.

దొర ఓడెక్కి పోయాడు. కర్ర మాత్రం పోలేదు. మునసబు వీరరాఘవయ్య మామిడితోట చాకిరీ కోసం తిరుగుతూనే ఉంది. ఇది డెబ్భై రెండు, ఆగస్టు. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిందని పండగ. పందిరి గుంజలు మొయ్యడానికి వెట్టి!

తెల్లారేసరికి కర్ర లేదు. జోజమ్మ పొయ్యిలో పెట్టేసింది. పల్లె మొత్తం చర్చి ముందు చేరింది.

"మనకి పిల్లలున్నారు. ఇంకో కర్ర చెక్కి పక్కింట్లో పెడదాం," అన్నాడు ఏసోబు.

"చెక్కు మరి. నువ్వే చెక్కు," అంది హన్నమ్మ, అతని పెళ్ళాం.

ఏసోబు కత్తి తీశాడు. ఎవరో విరిచి తెచ్చిన చింతకొమ్మ మీద ఆనించాడు. మళ్ళీ తీసేశాడు. పక్కవాడికిచ్చాడు. అతను ఇంకొకరికిచ్చాడు. చివరికి కత్తి నా దగ్గరికొచ్చింది.

"లాజరుని లాక్కెళ్తుంటే నేను తలుపు సందులోంచి చూశాను," అన్నాను. ఆ మాట అంతకుముందెన్నడూ ఎవరితోనూ అనలేదు.

"మేమూ చూశాం," అంది హన్నమ్మ. కత్తి కింద పెట్టేశాను.

ఇంతలో జీపు వచ్చింది. మునసబు, ఇద్దరు పోలీసులు.

"పండగపూట ఊరి పరువు తీస్తావా? కర్ర ఏదే ముసలీ?" ఓ పక్కగా నిలబడ్డ జోజమ్మని నిలదీశాడు మునసబు.

"గంజి కాసుకున్నానయ్యా. ఇన్నేళ్ళ వెట్టిలో మీరు నాకు పెట్టిన కూడు అదొక్కటే."

ఆమెను జీపెక్కించారు. మేం చెల్లాచెదురై ఇళ్ళవైపు పరిగెత్తాం. అది చూసి జోజమ్మ చెరగు మొహం మీదికి లాక్కుని తల దించుకుంది. మళ్ళీ అదే అనుకుంది కాబోలు.

"జోజమ్మత్తా! తలెత్తి చూడు!" హన్నమ్మ కేకేసింది.

జోజమ్మ చూసింది. పల్లెలో ఒక్క తలుపూ మూసి లేదు. కదల్లేని ముసలాళ్ళు గుమ్మాల్లో నిలబడ్డారు. కాళ్ళున్నవాళ్ళంతా ఇళ్ళల్లో మిగిలినవాళ్ళని పిలుచుకుని బజారులోకి వచ్చేశారు. పందిరి గుంజలు తోటలోనే పడి ఉన్నాయి.

జీపు కదిలింది. వెనకాలే ఏసోబు నడిచాడు. అతని వెనక పల్లె నడిచింది. మా నాన్న గడియ పెట్టిన ఆ తలుపుని బార్లా తెరిచి పెట్టి, నేనూ వెళ్ళి వాళ్ళలో కలిశాను.