అన్నగది

కరెంటు పోయి వచ్చిందంటే చాలు, వదిన దగ్గర్నుంచి ఫోను.

"మరిదిగారూ, మీ అన్నగదికి మళ్ళీ తాళం పడింది. వచ్చి తియ్యి."

అన్నగది అంటే గది కాదు, వదిన నడిపే దర్జీ దుకాణం కంప్యూటర్లో ఒక ఫోల్డరు. అన్న పోయేనాటికి ఆయన పాత కంప్యూటరు డిస్కు కొన ఊపిరితో ఉంది. మరిది దాన్ని ఉన్నదున్నట్టు ఒకే పెద్ద ఫైలుగా కొత్త కంప్యూటర్లోకి దింపాడు. ఆ వారమే పాత డిస్కూ పోయింది. ఆ ఫైలును లూప్ డివైస్ అనే ఉత్తుత్తి డిస్కుకు తగిలిస్తే, కంప్యూటర్ని నడిపే లైనక్సు దాన్ని నిజం డిస్కే అనుకుని తెరుస్తుంది. లోపల అన్న గీసిన కోటు నమూనాలు. వదిన వాటిని అచ్చు తీసి, గుడ్డ మీద పరిచి కత్తిరిస్తుంది, పనయ్యాక కాగితాలు పారేస్తుంది. ఆ కోత కోసమే జనం వస్తారు. అది పోతే దుకాణం లేదు. మరిదిని డిగ్రీ దాకా చదివించిందీ ఆ కోతే.

చేత్తో తగిలించింది మెషిన్ ఆగితే ఊడిపోతుంది. అందుకే వదిన రాత్రిళ్ళు కూడా దాన్ని ఆపదు. తనంతట తానే తగులుకునేలా చేయాలనీ, ఇంకో కాపీ తీసిపెట్టాలనీ మరిది రేపూ మాపూ అంటూ నెట్టుకొచ్చాడు.

చివరికి ఒక ఆదివారం వచ్చాడు. వదిన కాజాలు కుడుతోంది.

"ఇవాళ పర్మనెంటుగా చేసేస్తా వదినా. ఇక నన్ను పిలవక్కర్లేదు."

"ఇక రానని చెప్పడానికి ఇంత దూరం వచ్చావా?"

అతను నవ్వి, ఏ లూపుకు ఏ ఫైలు తగిలి ఉందో చూశాడు. ఫైలు పేరు వచ్చింది. చివర బ్రాకెట్లో ఇంకేదో మాట ఉంది. పేరు సరిపోయింది కదా అని ముందుకు పోయాడు. మెషిన్ లేవగానే ఏమేం తగిలించుకోవాలో చదువుకునే ఫైల్లో ఒక వరుస చేర్చాడు. ఆ పెద్ద ఫైలు దొరక్కపోతే అక్కడే ఆగిపోవద్దని కూడా రాశాడు. అన్నగది తెరిచాడు. నమూనాలన్నీ ఉన్నాయి. ఆపి మళ్ళీ లేపి చూడందే పని అయిందనకూడదని ఆఫీసులో పెద్దాయన చెబుతుంటాడు. ఆపాడు.

మెషిన్ కిమ్మనకుండా లేచింది. అన్నగది ఖాళీ.

పెద్ద ఫైలు కోసం వెతికాడు. లేదు. కిక్కిరిసి ఉండే డిస్కులో సగానికి సగం జాగా కనిపించింది.

"వదినా, ఇందులో ఏమైనా తీసేశావా?"

"మొన్న జాగా లేదు, జాగా లేదని ఒకటే గోల పెట్టింది. ఎంత నొక్కినా తెరుచుకోని పెద్దదేదో ఉంటే తీసేశా. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశా. అయినా జాగా రాలేదు. ఇప్పుడొచ్చిందా?"

"వచ్చింది."

"మీ అన్నవి ముట్టుకోలేదులే. నిన్న కూడా ఒకటి అచ్చు తీశా."

ఫైలును తీసేసినా, అది లూపుకు తగిలి ఉన్నంతసేపూ లోపల బతికే ఉంటుంది. బ్రాకెట్లో ఉన్న మాట అదే చెప్పింది, తొలగించిన ఫైలు అని. ఆపకముందు చదివి ఉంటే మొత్తం ఇంకోచోటికి తోడుకునేవాడు. పొద్దుపోయేదాకా డిస్కు తవ్వాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది.

"నువ్వు తీసేసినా పోలేదు వదినా," అన్నాడు చివరికి. "నేను ఆపాను, పోయింది."

వదిన సూదిని గుడ్డకు గుచ్చింది.

"ఆపేముందు నన్నొక మాట అడగాలని తోచలేదా?"

అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది అతనికి.

ఆమె లేచి, గోడకు వేలాడుతున్న అన్న కోటు తీసింది. ఆయన తనకోసం కుట్టుకున్నది అదొక్కటే. బల్ల మీద వెల్లకిలా పరిచి, చేత్తో ఒకసారి దులిపింది.

"కుట్లు విప్పి, ముక్కలు చూసి గీసుకుంటే ఒక్క నమూనా అయినా వస్తుంది. ఆ లైటు ఇటు పట్టు."

అతను పట్టుకున్నాడు. వదిన చంక దగ్గర మొదటి కుట్టు తెంపింది.