శీర్షిక కింద ఖాళీ

ఆసుపత్రి సూచనల పేజీ ఉదయం పదింటికి వెబ్‌లోకి వెళ్ళింది. మూడింటికి, ఆ పేజీ చేసిన ఆవిడకు పిన్ని ఫోన్ చేసింది. పిత్తాశయంలో రాళ్ళకు పిన్నికి మర్నాడే అక్కడ ఆపరేషన్.

“ఏమే, రేపు పొద్దున తినేసి రావచ్చటగా! నీ పేజీ చల్లగుండ, ఆకలికి ఆగగలనా అని ఒకటే బెంగపెట్టుకున్నాను.”

“ఎవరు చెప్పారు పిన్నీ?”

“నువ్వే పెట్టావుగా! ‘మామూలుగా తినవచ్చు’ అని, దాని కిందే ‘ఆపరేషన్ రోజు ఉదయం’ అని. నాకు రాళ్ళున్నది కడుపులోనే, కళ్ళలో కాదు.”

“రేపు పొద్దున పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకు. మళ్ళీ చేస్తాను.”

వెబ్ పేజీలు చేసే ఆ ఆఫీసులో అందరూ ఆవిడను అచ్చక్క అని పిలుస్తారు. వెంటనే ఫోన్లో పేజీ తెరిచి చూసింది. ముందు రోజు భోజనం గురించిన చివరి వాక్యానికి అంటుకుని తర్వాతి శీర్షిక ఉంది. దాని కింద తెర చివరిదాకా ఖాళీ. ‘ఏమీ తినకూడదు, తాగకూడదు’ అన్న మాట ఆ ఖాళీకి అవతల ఎక్కడో ఉంది.

పాతికేళ్ళు ప్రెస్సులో పేజీలు కూర్చిన చేయి అది. పెద్ద తెర మీద శీర్షిక పక్కనున్న ఫొటో అంచుకు వాక్యం సరితూగాలని శీర్షిక పైనున్న జాగా తీసేసి, కింద నాలుగుసార్లు వరుస విరిచి ఖాళీ వరుసలు పెట్టింది. కాగితం వెడల్పు చదివేవాడి చేతిలో మారదు; తెర వెడల్పు మారుతుంది. ఫోన్లో ఫొటో పేజీ అడుగుకు జారిపోయింది. ఆ నాలుగు విరుపులూ మాత్రం కదల్లేదు.

విరుపులన్నీ తుడిచేసింది. శీర్షిక తన వాక్యానికే చేరువగా ఉండేలా పేజీ అమరికను చెప్పే సీఎస్ఎస్ కోడ్‌లో పైన రెండు వరుసల జాగా, కింద అర వరుస ఇచ్చింది. పది నిమిషాల పని. కానీ ఉదయం చూసినవాళ్ళు మళ్ళీ ఎందుకు చూస్తారు? కూర్చోలేక యజమాని గదిలోకి వెళ్ళి, ఆసుపత్రికి చెబుదామంది.

“సరిచేశావుగా, ఇంకేమిటి? ఆసుపత్రికి చెప్తే మన పరువేం కాను?”

“తిని వస్తే మత్తులో ప్రాణం మీదికి వస్తుంది సార్.”

“నీ ఉద్యోగం ఖాయం కావడానికి పెట్టిన మూడు నెలల గడువు కూడా ఇంకా నిండలేదమ్మా.”

“తెలిసే చెప్తున్నాను.”

నీళ్ళు నమలకుండా ఆసుపత్రికి తనే చెప్పింది. అయిదింటికి అక్కడి నర్సు ఫోన్ చేసింది. “రేపటి తొమ్మిదిమందిలో ఎనిమిదిమందికి చెప్పేశాం. మీ పిన్నిగారిలాగే ఇద్దరు తినేసి వద్దామనుకున్నారట. తొమ్మిదో ఆయన బస్సు డ్రైవరు, ఫోన్ ఎత్తడం లేదు. ఆరింటికి బస్సుతో డిపోకు వస్తాడట, అక్కడివాళ్ళు చెప్పారు. మెసేజ్ పెట్టినా చూడలేదు. మీరు వెళ్ళి కలుస్తారా?”

అచ్చక్క బ్యాగు అందుకుంది. డిపోలో కాలు ఒకచోట నిలవలేదు. వచ్చిన ప్రతి బస్సుకూ ఎదురెళ్ళి డ్రైవరు పేరు అడిగింది. ఆరూ ఇరవైకి ఆ డ్రైవరు దిగాడు. ఆసుపత్రి పేజీ గురించి వచ్చానని చెప్పింది.

“ఓ, ఆ పేజీనా? తినమన్నారుగా! మా ఆవిడ పొద్దున్నే వండిపెడతానంది.”

“తినకూడదు. తప్పు నాది, పేజీ నేనే చేశాను. నీళ్ళు కూడా వద్దు.”

“సరే లెండి.”

“సరే అంటే చాలదు బాబూ. ఏం చేయకూడదో మీ నోటితో చెప్పండి.”

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. “తినకూడదు. తాగకూడదు.”

“ఇప్పుడు మీ ఆవిడకు ఫోన్ చేసి అదే మాట చెప్పండి.”

అతను ఫోన్ చేసి చెప్పేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు.